చల్లదనం ఎవరి ఖాతాలో?

కరెంటు బిల్లు వచ్చిన రోజున ప్రతి ఇంట్లోనూ ఓ చిన్న పంచాయతీ జరుగుతుంది. గీజరు కట్టెయ్యడం మర్చిపోయిందెవరు, హాల్లో పురుగు లేకపోయినా ఫాను ఎందుకు తిరుగుతోంది, ఫ్రిజ్ తలుపు తెరిచి పట్టుకుని తీరిగ్గా ఆలోచించేదెవరు... ఇలా అందరూ అందరి మీదా నేరాలు మోపుకుంటారు. తీర్పు మాత్రం ఎప్పుడూ ఒక్కటే. "ఈ నెల నుంచి జాగ్రత్తగా ఉండాలి." ఆ జాగ్రత్త మహా అయితే నాలుగు రోజులు. అయిదోరోజున మళ్ళీ ఎవరి ఫాను వారిది, ఎవరి లైటు వారిది.

మాది భద్రాచలం. ఎండ సంగతి వేరే చెప్పక్కర్లేదు. మే నెలలో నలభై అయిదు డిగ్రీలంటే ఇక్కడ ఎవరూ ఆశ్చర్యపోరు. "ఇవాళ కాస్త నయమే" అన్నా అంటారు. పక్కన గోదావరి ఉందిగా, చల్లగా ఉండదూ అని బయటివాళ్ళు అడుగుతారు. వేసంగిలో గోదావరి మాకు నీళ్ళకంటే ఇసకే ఎక్కువ చూపిస్తుంది. ఆ ఇసక మీదుగా వచ్చే గాలి ఎలా ఉంటుందో మధ్యాహ్నం కరకట్ట మీద నిలబడితే తెలుస్తుంది.

అందుకని ఈసారి చలికాలంలోనే ఒక నోటుపుస్తకం కొని, ఇంట్లో కరెంటు ఎక్కడ పోతోంది, ఏది మారిస్తే ఎంత మిగులుతుంది, ఆ మార్చడానికయ్యే డబ్బు ఎక్కడ తగ్గించుకోవచ్చు అని లెక్కలు రాయడం మొదలుపెట్టాను. షాపులకెళ్ళి ధరలు కనుక్కున్నాను. పాత బిల్లులన్నీ తీసి వరసగా పేర్చాను. మావారు ఆ పుస్తకానికి 'బడ్జెట్టు' అని పేరు పెట్టారు. ఏ బడ్జెట్టయినా చివరికి లెక్కల దగ్గర ఆగదనీ, ఎవరికి ఎంత అనే తగువు దగ్గరికే వస్తుందనీ ఆ పుస్తకం నింపుతూ ఉండగా నాకు బాగా తెలిసొచ్చింది. ఆ తగువు గురించే ఈ నాలుగు మాటలు.

పొదుపు రెండు రకాలు. తగ్గించుకునే పొదుపు ఒకటి, కొనుక్కునే పొదుపు ఇంకొకటి. మొదటిది మన అమ్మమ్మల నాటిది. అవసరం లేని దీపం ఆర్పెయ్యడం, మధ్యాహ్నం కిటికీలు మూసి తడిపిన వట్టివేళ్ళ తడిక కట్టడం, ఫ్రిజ్ బదులు మట్టికుండ. దీనికి డబ్బక్కర్లేదు, ఓపిక కావాలి. రెండోది ఈ కాలపుది. తక్కువ కరెంటు తినే వస్తువు ఎక్కువ ధర పెట్టి కొంటే, ఆ తరవాత నెలనెలా మిగులుతుంది. దీనికి ఓపిక అక్కర్లేదు, ముందుగా డబ్బు కావాలి.

కొనుక్కునే పొదుపులో నిజం లేకపోలేదు. ఫాను సంగతే చూడండి. పాతకాలపు సీలింగ్ ఫాను డెబ్భై అయిదు వాట్లు లాగుతుంది. బీఎల్‌డీసీ అని కొత్త మోటారుతో వచ్చే ఫాన్లకు ముప్ఫై చాలు. మా ఊళ్ళో వేసవిలో ఫాను రోజుకు పదహారు గంటలు తక్కువ తిరగదు. లెక్కవేస్తే ఒక్కో ఫాను మీద నెలకు ఇరవై ఒకటిన్నర యూనిట్లు మిగులు. రెండు ఫాన్లు మారిస్తే నలభై మూడు.

నలభై మూడు యూనిట్లు ఏపాటి అంటారేమో. ఇక్కడ బిల్లులో ఒక చమత్కారం ఉంది. తెలంగాణలో 2022 నాటి రేట్ల పట్టిక ప్రకారం నెలకు వంద దాటి 200 యూనిట్ల లోపు వాడిన ఇంటికి మొదటి వందకు యూనిట్‌కి 3 రూపాయల 40 పైసలు, రెండో వందకు 4 రూపాయల 80 పైసలు. మొత్తం 820. అదే 201 యూనిట్లు వాడారనుకోండి, మొదటి రెండు వందలకూ 5 రూపాయల 10 పైసల చొప్పున, ఆ పైదానికి 7 రూపాయల 70 పైసలు. మొత్తం 1,027 రూపాయల 70 పైసలు. అంటే ఆ ఒక్క యూనిట్ ఖరీదు రెండువందల ఏడు రూపాయల పైచిలుకు! మిగతా చార్జీలు వేరే. కాబట్టి 240 యూనిట్లు కాల్చే ఇల్లు రెండు ఫాన్లు మార్చి 197కి దిగితే 1,328 రూపాయలది 805 అవుతుంది. ఇలాంటి లెక్క దొరికినప్పుడు కలిగే ఆనందం, కంచిపట్టు చీర సగం ధరకొచ్చినప్పటి ఆనందానికి ఏమీ తీసిపోదు.

తక్కినవి క్లుప్తంగా చెప్తాను. ఫ్రిజ్ కొనేటప్పుడు నక్షత్రాలు మాత్రమే లెక్కపెట్టకండి. ఆ కొలతలు కొన్నేళ్ళకోసారి బిగిస్తూ ఉంటారు. అంచేత పాత అయిదు నక్షత్రాల ఫ్రిజ్ ఇవాళ్టి కొలతకు అయిదు కాకపోవచ్చు. దాని మీద సంవత్సరానికి ఎన్ని యూనిట్లో అంకె వేసి ఉంటుంది, అది చూడండి. ఏసీ ఉన్నవాళ్ళు ఒక్కో డిగ్రీ పెంచినకొద్దీ కరెంటు సుమారు ఆరు శాతం తగ్గుతుందంటారు. 2020 జనవరి నుంచి మన దేశంలో కొత్త ఏసీలు 24 డిగ్రీల దగ్గరే మొదలయ్యేలా తయారు చెయ్యాలని నియమం పెట్టింది కూడా ఇందుకే. ఏసీ పదహారులో పెట్టుకుని దుప్పటి కప్పుకునేవాళ్ళకు మాత్రం ఏ నియమమూ పనికిరాదు.

ఇంతవరకూ లెక్క. ఇక తగువు.

కొనుక్కునే పొదుపుకు ముందు డబ్బు కావాలన్నాను గదా. ఆ మాటలోనే ఒక అన్యాయం దాగుంది. మామూలు ఫాను పదిహేను వందలకు వస్తుంది, కరెంటు తక్కువ తినేది దానికి సుమారు రెట్టింపు. చేతిలో మూడువేలున్న ఇల్లాలు ఖరీదైనది కొని నెలనెలా మిగుల్చుకుంటుంది. చేతిలో పదిహేను వందలే ఉన్న ఇల్లాలు చవకది కొని నెలనెలా కట్టుకుంటుంది. అయిదేళ్ళయ్యాక చూస్తే ఎవరు ఎక్కువ ఖర్చుపెట్టారు? లేనిదే. అయినా మనం ఏమంటాం? మొదటావిడ పొదుపరి, రెండో ఆవిడకు ముందుచూపు లేదు అంటాం. ముందుచూపు లేక కాదు, ముందు డబ్బు లేక. పొదుపును మనం గుణంగా లెక్కపెడతాం. అది చాలాసార్లు వసతి.

దీనికి ఒక్క మంచి విరుగుడు మన కళ్ళముందే జరిగింది. ఎల్‌ఈడీ బల్బు. 2014లో ప్రభుత్వ సంస్థ టోకున కొంటేనే ఒక్కో బల్బు 310 రూపాయలు పడింది. 2015లో ఉజాలా పథకం కింద దేశమంతటికీ కలిపి కోట్ల లెక్కన కొనడం మొదలుపెట్టేసరికి, 2016 నాటికి ఆ ధర 38 రూపాయలకు దిగింది. అరవై వాట్ల పాత బల్బు చేసే పని తొమ్మిది వాట్ల బల్బు చేస్తుంది. ఇవాళ భద్రాచలం దాటి చర్ల, దుమ్ముగూడెం వైపు వెళ్ళినా గుడిసెల్లో తెల్లటి వెలుగే కనిపిస్తుంది. ఒక్కొక్కరం కొంటే ఉన్నవాళ్ళకే అందే పొదుపు, అందరం కలిసి కొంటే లేనివాళ్ళకూ అందింది. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, తరవాత పనికొస్తుంది.

రెండో తగువు మా ఇంట్లోనే తలెత్తింది. ఫాన్ల లెక్క వినగానే మావారు ఎంతో సంతోషించి, "అయితే ఆ మిగిలే డబ్బుతో హాల్లో ఏసీ పెట్టించేద్దాం" అన్నారు. నవ్వకండి. ఈ మాటే 1865లో ఇంగ్లండులో జెవన్స్ అనే ఆర్థికశాస్త్రవేత్త బొగ్గు గురించి ఒక పుస్తకమంతా రాసి చెప్పాడు. జేమ్స్ వాట్ యంత్రం వచ్చాక పాత యంత్రాల కంటే తక్కువ బొగ్గుతో ఎక్కువ పని జరిగింది. మరి దేశంలో బొగ్గు ఖర్చు తగ్గాలి గదా? పెరిగింది. చవకైంది కాబట్టి ఇంకా ఇంకా యంత్రాలు పెట్టారు. పొదుపు చేసే వస్తువు వచ్చినంత మాత్రాన పొదుపు జరగదు, మిగిలినదాన్ని ఏం చెయ్యాలో ముందే అనుకోకపోతే అది మరో ఖర్చుకు దారి చూపిస్తుంది. పెళ్ళిలో వంటవాడి దగ్గర మిగిల్చిన డబ్బు బాజాభజంత్రీలకు పోయినట్టు.

బొగ్గు మాట వచ్చింది కాబట్టి మా ప్రాంతం గురించి ఒక ముక్క చెప్పాలి. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని కనిపెట్టాడు. 1889లో తవ్వకం మొదలైంది. అక్కడి సింగరేణి గ్రామం పేరే కంపెనీ పేరైంది. పాల్వంచలో 1966లో కరెంటు కేంద్రం నడవడం మొదలైంది, దానికి కిన్నెరసాని నీళ్ళు. ఆ కేంద్రంలో పాతబడ్డ యూనిట్లు మూసేసి, 2024 ఆగస్టులో వాటి కూలింగ్ టవర్లు కూల్చేస్తే జనం సినిమాలాగా చూశారు. మణుగూరు వైపు భద్రాద్రి పేరుతో 1,080 మెగావాట్ల కొత్త కేంద్రం వచ్చింది. బొగ్గుతో ఒక యూనిట్ కరెంటు తయారుకావాలంటే సుమారు ఏడువందల గ్రాముల బొగ్గు మండాలి. మన బొగ్గులో మూడోవంతు దాకా బూడిదే. దూరాన ఉన్నవాళ్ళకు కరెంటంటే గోడలోని స్విచ్చి. మాకు మాత్రం ఆ స్విచ్చి వెనకాల ఎవరి ఊరు ఖాళీ అయిందో, ఎవరి చేను మీద బూడిద పడిందో మనుషులతో సహా తెలుసు. అంచేత ఎవరూ లేని హాల్లో తిరిగే ఫాను మాకు బిల్లులో అంకె మాత్రమే కాదు. అలాగని ఏసీ పెట్టుకోవడం పాపమనీ నేననను. ఇంట్లో గుండెజబ్బు మనిషో, పసిబిడ్డో ఉంటే అది సుఖం కాదు, అవసరం. అవసరానికీ సుఖానికీ మధ్య గీత ఎవరిది వాళ్ళే గీసుకోవాలి. కానీ గీయాలి.

మూడో తగువే అసలైనది. అది డాబా మీద ఉంది.

మా ఇల్లు మామగారి హయాం నాటిది. కింద మేముంటాం. పై వాటా అద్దెకిస్తాం. ఇప్పుడు అందులో ఒక నర్సమ్మాయి, తల్లితో ఉంటోంది. కాంట్రాక్టు ఉద్యోగం. వారం వారం నైట్ డ్యూటీ. రాత్రంతా రోగుల దగ్గర నిలబడి, పొద్దున ఇంటికొచ్చి, పగలు పడుకోవాలి. పగలంటే మా ఊరి పగలు! పదింటికి వేడెక్కడం మొదలైన శ్లాబు మధ్యాహ్నం మూడింటికి పెనంలా కాలుతుంది. దాని కిందే ఆ అమ్మాయి మంచం.

వాళ్ళకు తెల్లకార్డు ఉంది. 2024లో వచ్చిన గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడితే బిల్లు సున్నా. దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాలి. మా ఊరి సీతమ్మకు లక్ష్మణుడు గీసిన గీతలాంటిదే ఇదీ, దాటేదాకానే రక్ష. ఆ అమ్మాయి ఎవరి దగ్గరో పాత కూలరు కొంది. 180 వాట్ల కూలరు రోజుకు పది గంటలు నడిస్తే నెలకు 54 యూనిట్లు. వేసవిలో వాళ్ళ మామూలు వాడకం 170 దాకా ఉంటుంది. రెండూ కలిస్తే 224. గీత దాటినట్టే, పన్నెండువందల పైచిలుకు బిల్లు. అందుకని తల్లి మెట్లు దిగి వచ్చి మీటరు చూసుకుంటూ ఉంటుంది. నెల చివరి వారంలో కూలరు ఆగిపోతుంది. అడిగితే ఆ అమ్మాయి నవ్వుతూ అంటుంది: "అలవాటైపోయింది ఆంటీ. డ్యూటీలోనే కొంచెం తూగొస్తుంది."

ఆ 'కొంచెం తూగు' నా నోటుపుస్తకంలో ఎక్కడ రాయాలో నాకు తోచలేదు. తూగేది ఆమె. ఆ తూగులో మందు అందుకోవలసింది ఇంకెవరో.

ఇప్పుడు డాబా మీద చెయ్యగల పనులు రెండున్నాయి. ఒకటి సౌరఫలకాలు. 2024 ఫిబ్రవరిలో కేంద్రం ప్రకటించిన సూర్యఘర్ పథకంలో ఒక కిలోవాటుకు 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడు అంతకుమించితే 78 వేలు సబ్సిడీ. 2025 సెప్టెంబరులో వాటి మీద జీఎస్టీ కూడా పన్నెండు నుంచి అయిదు శాతానికి తగ్గించారు. నీడ పడని చోటు కిలోవాటుకు సుమారు వంద చదరపు అడుగులు ఉండాలి. మన ఎండకు రోజుకు నాలుగు యూనిట్ల దాకా వస్తాయి. సబ్సిడీ పోను చేతినుంచి పడేది పెద్ద మొత్తమే అయినా, కొన్నేళ్ళలో తిరిగి వస్తుంది. వచ్చేది నా మీటరుకు. అంటే నా డాబా, నా ఖర్చు, నా లాభం. లెక్క శుభ్రంగా కలుస్తుంది.

రెండోది సున్నం. డాబా మీద తెల్లగా రెండు పూతలు వేస్తే ఎండ చాలామటుకు వెనక్కి పోతుంది. లోపలి వేడి రెండు నుంచి అయిదు డిగ్రీల దాకా తగ్గుతుందంటారు. ఇదేం కొత్త కనిపెట్టడం కాదు, పూర్వం డాబాలకు సున్నం వెయ్యని ఇల్లుందా? అహమ్మదాబాదులో 2010 నాటి వడగాడ్పులకు జనం చనిపోయాక 2013లో ఎండలకోసమని ఒక ప్రణాళిక వేసుకున్నారు. 2017 నుంచి పేదల ఇళ్ళ కప్పులకు తెల్లపూత వేయించడం మొదలుపెట్టారు. తెలంగాణ కూడా 2023లో చల్లటి కప్పుల విధానం ఒకటి ప్రకటించింది. మనలాంటి చిన్న ఇళ్ళకు అది నిర్బంధం కాదు, మన ఇష్టానికే వదిలారు. మా ఎనిమిదివందల అడుగుల డాబాకు గుల్లసున్నం, జిగురు, కూలీ అన్నీ కలిపి నాలుగున్నర వేలు చెప్పారు. వానలకు కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా వెయ్యాలి. కంపెనీ పూతలైతే ఎక్కువ కాలం ఉంటాయి, ధరా ఎక్కువే.

అయితే ఇక్కడ లెక్క కలవదు. డాబా నాది. సున్నం నాది. చల్లదనం పైవాళ్ళది.

మావారు ఈ మాటే అన్నారు. "ఖర్చు మనది, సుఖం వాళ్ళదీనా? పోనీ అద్దె ఓ రెండువందలు పెంచుదాం." వినడానికి న్యాయంగానే ఉంది. కానీ పెంచితే ఏమవుతుంది? పెరిగిన అద్దెకోసం ఆ అమ్మాయి ఇంకో ఖర్చు తగ్గించుకుంటుంది. ఆ తగ్గేది పాలో పండో. వద్దని ఊరుకుంటే? ఆమె ఎలాగూ కూలరు ఆపుకుని సర్దుకుంటోంది. ఆమె బిల్లు సున్నాయే. కాబట్టి సున్నం వేసినా, వెయ్యకపోయినా రూపాయల్లో మారేది పెద్దగా ఏమీ లేదు! ఇల్లుగలవాడు వెయ్యడు, లాభం తనకు రాదని. అద్దెకున్నవాళ్ళు వెయ్యరు, ఇల్లు తమది కాదని. ఎన్నాళ్ళుంటామో తెలియని ఇంటికి నాలుగున్నర వేలు ఎవరు పెడతారు? మధ్యలో డాబా నల్లగా అలాగే కాలుతూ ఉంటుంది. మన పట్నాల్లో ఇలా ఎవరిదీ కాకుండా కాలుతున్న డాబాలు ఎన్నున్నాయో.

నిజానికి ఇది మా ఇంటి తగువు మాత్రమే కాదు. లాభం నాకు రాకపోతే నేనెందుకు ఖర్చు పెట్టాలి అన్న ప్రశ్నలో తప్పేమీ లేదు. సంసారాలు నడిచేది ఆ ప్రశ్నతోనే. కానీ అన్ని ఖర్చుల్నీ ఆ ఒక్క ప్రశ్నతోనే తూచుతామా? చలివేంద్రం పెట్టినవాడు దాహం తీరినవాళ్ళ దగ్గర ఏం వసూలు చేస్తాడు? మా ఊళ్ళో శ్రీరామనవమికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. మిథిలా స్టేడియంలో కల్యాణం చూడ్డానికి వచ్చేవాళ్ళకోసం చలువపందిళ్ళు వేస్తారు. ఆ నీడ ఎన్నేళ్ళకు తిరిగి వస్తుందని ఎవరైనా లెక్కవేశారా? ఎండలో వచ్చినవాళ్ళకు నీడ ఇవ్వడం మన దగ్గర మర్యాద. ఆ మర్యాద గుమ్మం బయట వీధిలో పాటిస్తాం. గుమ్మం లోపల, మెట్లెక్కి పైన ఉన్నవాళ్ళ దగ్గరికొచ్చేసరికి లెక్క అడుగుతాం. వీధిలోవాళ్ళు అతిథులు, పైవాళ్ళు అద్దెదారులు గదా మరి!

లెక్కల తగువు ఈ ఊరికి కొత్తకాదు. ఈ గుడి పుట్టుకలోనే ఒక పద్దు తగువుంది. పదిహేడో శతాబ్దంలో కంచర్ల గోపన్న తహసీలుదారుగా వసూలు చేసిన సర్కారు సొమ్ము గుడికి పెట్టాడు, గోల్కొండలో ఖైదు అనుభవించాడు. తానీషా వైపు నుంచి చూస్తే అతను అడిగిందీ న్యాయమే, తన ఖజానా సొమ్ము తనకు చెప్పకుండా వాడారు. నేను గోపన్నను దీనికి ఆదర్శంగా చూపించడం లేదు. సొమ్ము ఒకరిది, పుణ్యం ఇంకొకరిది అయితే చిక్కు తప్పదని చెప్తున్నానంతే. మన ఇంటి డాబాకు ఆ చిక్కు కూడా లేదు. సొమ్ము మనదే. ఎవరినీ అడగక్కర్లేదు, ఎవరికీ పద్దు చెప్పక్కర్లేదు. అయినా వెనకాడతాం.

కొందరు అంటారు, ఇదంతా ప్రభుత్వం చెయ్యాల్సిన పని అని. నిజమే, బల్బుల విషయంలో చూశాం గదా. అందరికీ కలిపి కొంటే 310 రూపాయల వస్తువు 38కి దిగింది. వీధి మొత్తానికి కలిపి సున్నం వేయిస్తే కూలీ తగ్గుతుంది, వీధి గాలే కాస్త చల్లబడుతుంది. అద్దె ఇళ్ళ కప్పులకు సాయం చేసే పద్ధతి ఏదైనా ఉంటే ఇంకా మంచిది. అది అడగాల్సిందే. కానీ అది వచ్చేదాకా ఆ అమ్మాయి ఈ వేసవికి నిద్రపోకుండా ఉండలేదు.

మా అత్తగారు ఎనభై దాటిన మనిషి. మా వాదనంతా వక్క నములుతూ విని, ఒకే ఒక ప్రశ్న అడిగారు. "అమ్మాయ్, పైనున్నది మన పిల్లే అయితే ఈ లెక్క వేసేదానివా?" మావారు మాట్లాడలేదు. నేను మాత్రం ఆవిడతో పూర్తిగా ఏకీభవించను. పైనున్నది మన పిల్ల కాదు. కాదని తెలిసే చెయ్యాలి. మన పిల్ల అనుకుని చేస్తే, రేపు ఆమె నచ్చని మాటేదైనా అంటే మానేస్తాం. ఈమె కాకపోతే ఇంకొకరు ఆ శ్లాబు కింద పడుకుంటారు. ఆ వచ్చేవారు మనకు ఇష్టమైనా, కాకపోయినా వేడి ఒకటే. ప్రేమ ఉంటే మంచిదే. కానీ ఇంటి కప్పు ప్రేమ మీద ఆధారపడకూడదు. ఇల్లు అద్దెకిచ్చామంటే నాలుగు గోడలిచ్చామని కాదు, మనిషి ఉండగలిగే చోటిచ్చామని. వాన కురిస్తే కారకుండా చూడ్డం మన బాధ్యతని ఎవరూ కాదనరు. మరి ఎండ కారితే?

ఈ చూపుతో నా నోటుపుస్తకం వరస మారింది. ముందు సున్నం, ఎందుకంటే ఖర్చు తక్కువ, అవసరం ఎక్కువ. తరవాత ఫాన్లు, మా రెండూ, పైన ఒకటీ. ఆ తరవాతే సౌరఫలకాలు. అవి వచ్చినా మంచిదే, వాటి నీడ పడినంత మేరా శ్లాబు కాలదు. హాల్లో ఏసీ చివరి పేజీకి పోయింది. మావారు ఆ పేజీ మూల మడిచి పెట్టుకున్నారు, ఆశ చావలేదన్నమాట.

ఫిబ్రవరి చివర్లో సున్నం పూతలు పడ్డాయి. ఏప్రిల్‌లో కూడా అద్దె అంతే ఉంది. ఆ నెల వాళ్ళ మీటరు 200 దాటలేదు, కూలరూ ఆగలేదు, మధ్యాహ్నం కాసేపు తిరిగితే చాలిందట. ఎన్ని డిగ్రీలు తగ్గిందో నేను కొలవలేదు. ఆమె తల్లి మీటరు చూడ్డానికి మెట్లు దిగి రావడం తగ్గించింది, అది మాత్రం చూశాను. నాలుగున్నర వేలూ ఎప్పటికి తిరిగి వస్తాయని ఎవరైనా అడిగితే, రావు అనే చెప్తాను. తిరిగి రాని డబ్బంతా నష్టమని ఎవరన్నారు? పిల్లల చదువుకు పెట్టింది తిరిగొచ్చిందా, పెద్దవాళ్ళ మందులకు పెట్టింది తిరిగొచ్చిందా?

పొదుపు మంచిదే. అది లేకపోతే నాలుగున్నర వేలూ నా దగ్గర ఉండేవే కావు. కానీ మిగిల్చింది ఎందుకో తెలియని పొదుపు బీరువాలో పెట్టి తాళం పారేసుకున్న చీర లాంటిది. మీ ఇంటి పై వాటాలోనో, పెరటి గదిలోనో ఎవరైనా అద్దెకుంటే, ఎండాకాలం మధ్యాహ్నం మూడింటికి ఒక్కసారి చెప్పుల్లేకుండా డాబా ఎక్కి చూడండి. ఆ తరవాత లెక్క మీరే వేసుకోండి, నేనేమీ చెప్పను. ఒకవేళ మీరే అద్దెకుంటున్నారనుకోండి, మీ ఇల్లుగల ఆవిడను కాఫీకి పిలవండి. పిలిచే వేళ మాత్రం మూడు గంటలే అయి ఉండాలి సుమా!